మిరపకాయల గొడౌనులో జపాన్ బండి

నరసరావుపేటలో నలభై ఏళ్ళు కార్లూ జీపులూ విప్పి బిగించాను. ఇప్పుడు నట్టు పట్టుకుంటే వేళ్ళలోంచి జారిపోతోంది, అందుకని పని మానేశాను. మానేసినా సాయంత్రం పూట ఎవరో ఒకరు వచ్చి అరుగు మీద కూర్చుంటారు. ఈ మధ్య వచ్చేవాళ్ళు కొత్త రకం. హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉద్యోగం చేస్తూ, పాత జపాన్ స్పోర్ట్స్ కారు ఒకటి ఎక్కడో సంపాదించి, ఇంటి దగ్గరే తమ చేతులతో బాగుచేసుకోవాలని ఆశపడేవాళ్ళు. "మస్తాన్ గారూ, మీరు ఎనభైల్లోనే అట్లాంటి బండి చేశారంట గదా, కాస్త చెప్పండి" అంటారు. చెబితే ఫోనులో పట్టుకుంటారు. ఇంటికి పోయి అందులో ఒక్క ముక్క పాటించరు. అందుకని రాసి పెడుతున్నాను, కనీసం చదివి తిట్టుకుంటారు.

ముందే ఒక మాట. నేను చేసిన జపాన్ స్పోర్ట్స్ కారు ఒక్కటే. దాన్ని పాడుచేసిందీ నేనే, బాగుచేసిందీ నేనే. ఆ నడుమ ఒక మనిషికి జరిగిన నష్టాన్ని మాత్రం నేను బాగుచేయలేకపోయాను. మీకు పనికొచ్చేది ఏదైనా ఉంటే అందులోనే ఉంది.

శుక్రవారపు బండి

గురజాలలో సాంబశివరావు గారని ఉండేవారు. భూములున్న కుటుంబం, కానీ ఆయన పొలం గట్టు తొక్కకుండా ఓడల్లో వైర్‌లెస్ ఆఫీసరుగా ఇరవై ఏళ్ళు తిరిగాడు. చెవులకి ఫోన్లు తగిలించుకుని, సముద్రం మీద ఎక్కడెక్కడి నుంచో వచ్చే టిక్కుటిక్కులు విని మాటలుగా రాసే ఉద్యోగం. యోకొహామా రేవులో ఒకనాడు ఆయన కళ్ళ ముందు నుంచి ఒక నీలం రంగు కారు పోయింది. పొడుగు ముక్కు, రెండే సీట్లు, నేలకి ఆనుకుని పోతున్నట్టు ఉంది. అట్లాంటిదే ఒక పాత బండి కొని, ఓడలో వేసుకుని మద్రాసుకి తెచ్చుకున్నాడు.

అది రేవు షెడ్డులో ఏడాది పడి ఉంది. విడిపించుకుని లారీ మీద గురజాల చేర్చేసరికి స్టార్టు కాలేదు. ఇంటి పక్కన సొంత మిరపకాయల గొడౌను ఉంటే, సగానికి టిక్కీలు, అంటే మిరపకాయల గోనె బస్తాలు సర్ది, సగంలో బండిని పెట్టారు. ఆ చుట్టుపక్కల చూసినవాళ్ళంతా "ఇది మా వల్ల గాదు" అన్నారు. అప్పుడు నా పేరు ఎవరో చెప్పారు. మా షెడ్డుకి శుక్రవారం సెలవు. నమాజు అయ్యాక బస్సెక్కి, పిడుగురాళ్ళ సున్నపు బట్టీల పొగ దాటి, మూడింటికల్లా గురజాలలో దిగేవాణ్ణి. దసరా రోజుల్లో మొదలుపెట్టాను.

మొదటి శుక్రవారం ఆయన నాకు బండి చూపించలేదు. గొడౌను గుమ్మంలో కుర్చీ వేసి కూర్చోబెట్టి తన సంగతి చెప్పాడు.

"మస్తానూ, నాకు నీటికాసులు. ఉద్యోగం పోయింది అందుకే. నడుమ కనపడుద్ది, పక్కలు కనపడవు. గొట్టంలోంచి చూసినట్టు ఉంటది. గుంటూరు డాక్టరు ఇంకో ఏడాదన్నాడు, అదీ గట్టిగా చెప్పలేదు. ఈ బండిని ఒక్కసారి నేనే నడుపుకుంటూ, పట్టపగలు, మాచర్ల మీదుగా సాగర్ దాకా పోవాల. ఆ నీళ్ళు చూడాల. అంతే. తర్వాత ఎవరికిచ్చేసినా నాకు బాధ లేదు."

పక్కన ఆయన భార్య అనసూయమ్మ గారు నిలబడి ఉంది. "పక్కలు నేను చెబుతా గదండీ" అంది, అదేదో కూరలో ఉప్పు సంగతి అయినట్టు. అప్పటికే వాళ్ళిద్దరూ మాట్లాడుకుని ఉన్నారన్నమాట. ఆ రోజు నుంచీ ఆయన నాకు బాబాయ్, ఆమె పిన్ని.

ముక్కూ చెవీ

ఇంట్లో పాత బండి పెట్టుకున్న వాళ్ళకి మొదటి సలహా: పానా పట్టుకోబోయే ముందు వాసన చూడండి. ఆ బండి బానెట్ ఎత్తి గాలి వడకట్టే డబ్బా మూత తీశాను. అంతే, ముగ్గురం కలిసి పావుగంట తుమ్మాం. గొడౌనులోని మిరప ఘాటంతా అందులో చేరి ఉంది. పెట్రోలు ట్యాంకులో వార్నిష్ వాసన వస్తే అది పెట్రోలు కాదు, పారబోయండి. కరెంటు తీగల దగ్గర కాలిన వాసన లేకుండా ఊరికే తెగి ఉంటే అది ఎలకల పని. ఈ మూడూ అక్కడ ఉన్నాయి. ఇంజను మాత్రం చేత్తో తిప్పితే మెత్తగా తిరిగింది. అప్పుడే నాకు ప్రేమ పుట్టింది, దాచడమెందుకు.

స్టార్టు కాని బండికి వరస ఒకటే. ముందు కరెంటు వస్తోందా, తర్వాత పెట్రోలు వస్తోందా, ఆ రెండూ ఉన్నాకే ఇంజను మీద అనుమానం. నూటికి తొంభై మంది వెనక నుంచి మొదలుపెడతారు, ఇంజను విప్పేస్తారు, విప్పితే ఏదో చేసినట్టుంటుంది కాబట్టి. నేను తీగలు అతికి, పాయింట్లు శుభ్రం చేసి, ట్యాంకు కడిగాను. నాలుగో శుక్రవారం అది దగ్గి, ఉమ్మి, లేచింది. గొడౌనులో ఎర్రటి దుమ్ము పైకి లేచింది. పెంకుల సందుల్లోంచి పడే ఎండలో ఆ దుమ్ము చాలాసేపు అట్లాగే నిలబడి ఉంది. బాబాయ్ కళ్ళు మూసుకుని వింటున్నాడు.

దానికి రెండు కార్బరేటర్లు. రెండూ సమానంగా గాలి పీల్చకపోతే బండి కుంటుతుంది. ఇప్పుడు దానికి మీటర్లు వచ్చాయి. మాకు ఒక మూర రబ్బరు గొట్టం. ఒక కొస చెవిలో, రెండో కొస కార్బరేటర్ నోటి దగ్గర. ఒకదాని బుస విని, ఆ బుస మనసులో పెట్టుకుని, రెండోదాన్ని దానికి సరిపెట్టాలి. నేను సరిచేశాననుకుని లేచాను. బాబాయ్ గొట్టం అడిగి తీసుకుని విన్నాడు.

"ఎడమది ఒక నలుసంత ఎక్కువ పీలుస్తంది" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. మళ్ళీ విన్నాను. ఆయన అన్నదే నిజం. అంతవరకు పల్నాడులో నా చెవిని మించిన చెవి లేదని తిరుగుతున్నవాణ్ణి. ఆ రోజు నుంచి ఆ పని ఆయనకే వదిలేశాను. నేను స్క్రూ తిప్పేవాణ్ణి, ఆయన "చాలు" అనేవాడు.

ఆ చలికాలం శుక్రవారాలు నాకు కలలో జరిగినట్టుంటాయి. బ్రేకు రబ్బర్ల కోసం మద్రాసుకి రాసి ఎదురుచూస్తూ, ఒక్కో చక్రం విప్పుకుంటూ, పిన్ని ఇచ్చిన టీ తాగుతూ, ఆయన చెప్పే సముద్రం కబుర్లు వింటూ బండి కిందే కునుకు తీసేవాణ్ణి. కునుకులో కూడా ఆ ఇంజను చప్పుడే. మిగతా ఆరు రోజులు పేటలో జీపుల కింద పడుకున్నా నా మనసు ఆ ఎర్ర దుమ్ములోనే ఉండేది. మా ఆవిడ "ఏమే, మీ అయ్య ఎక్కడున్నాడో కనుక్కో" అని నన్ను ఎదురుగా పెట్టుకునే మా అమ్మాయిని అడిగేది.

ఉస్తాద్ నేర్పింది

నాకు పని నేర్పింది కరీం ఉస్తాద్. అప్పటికి నేనింకా ఆయన షెడ్డులోనే పని చేస్తుండేవాణ్ణి. ఇంజను మీద స్క్రూడ్రైవరు ఆనించి రెండో కొస చెవికి పెట్టుకుని, లోపల ఏ బేరింగు ఏడుస్తోందో చెప్పగల మనిషి. కోపిష్టి. పని సరిగా లేకపోతే పానా విసిరేవాడు, సరిగా ఉంటే ఏమీ అనేవాడు కాదు. ఏమీ అనకపోవడమే మాకు పండగ. ఇంతటి వాడికీ ఒక లోటు ఉంది. కాగితం మీద ఉన్నదేదీ ఆయన నమ్మడు.

ఆయన షెడ్డులో ఒక ఆచారం ఉంది. ఏ బండి వచ్చినా ముందు థర్మోస్టాట్ పీకేయాలి. అదొక చిన్న ఇత్తడి మూత. ఇంజనులో నీళ్ళు చల్లగా ఉన్నంతసేపు మూసుకుని ఉండి, వేడెక్కాక తెరుచుకుని, నీళ్ళని చల్లబడ్డానికి రేడియేటర్‌లోకి వదులుతుంది. "అరె, మంచు పడే దేశాలోళ్ళకిరా ఇది. మన ఎండకి నీళ్ళు ఎప్పుడూ తిరుగుతానే ఉండాల. దీనికి నీళ్ళాపే పనేంది?" అనేవాడు. పీకిన మూతలన్నీ ఆయన గుమ్మం పక్కనున్న నూనె డబ్బాలో వేయాలి. డబ్బా నిండితే పోతపోసేవాడి దగ్గరికి పంపి బుష్‌లు పోయించేవాడు. అంబాసిడర్లకీ జీపులకీ అట్లా ఎన్ని పీకామో లెక్కలేదు. ఒక్క బండీ చెడిపోలేదు.

జపాన్ బండిది కూడా పీకాను. రెండో శుక్రవారమే. అందులో ఆకుపచ్చ నీళ్ళు ఉంటే నాచు పట్టిందనుకుని పారబోసి, ఇంటి బావి నీళ్ళు పోశాను. గురజాల బావి నీళ్ళంటే తెలుసుగా, నాలుగు రోజులు కాస్తే గిన్నె అడుగున సున్నం పెచ్చు కడుతుంది.

బాబాయ్ దగ్గర ఆ బండి పుస్తకం ఉంది, ఇంగ్లీషుది. నేను మూత పీకుతుంటే ఆయన పుస్తకాన్ని ముక్కుకి ఆనించుకుని పేజీలు తిప్పుతూ "మస్తానూ, దీని గురించి ఇక్కడేదో పెద్ద అక్షరాల్లో రాశాడయ్యా, ఉండు" అన్నాడు.

"పుస్తకం జపాన్‌లో రాశారు బాబాయ్, ఎండ గురజాలది" అన్నాను.

ఆయన నవ్వి పుస్తకం మూశాడు. ఆ మాట ఎంత బాగా అన్నానో అని బస్సులో ఇంటిదాకా మురిసిపోయాను. మూత తెచ్చి ఉస్తాద్ డబ్బాలో వేశాను.

రెంటచింతల

బ్రేకులు వచ్చేసరికి మార్చి నెల సగం అయింది. చలికాలమంతా బండిని చేతి బ్రేకు మీదే మెల్లగా ఊళ్ళోనే అటూ ఇటూ తిప్పాం, వేడి చూపే ముల్లు ఎప్పుడూ పైకి పోలేదు. నాకు ధీమా. ఒకనాడు తెల్లారగానే బయలుదేరదామనుకున్నాం. పూజ, కొబ్బరికాయ, వీధిలో వాళ్ళకి సమాధానాలు అన్నీ అయ్యేసరికి ఎండ ఎక్కింది. బండిలో ఇద్దరికే చోటు. బాబాయ్ స్టీరింగు దగ్గర, పిన్ని పక్కన. నేను మోటారు సైకిలు మీద వెనక.

ఆయన ఎంత బాగా నడిపాడో చెప్పలేను. పిన్ని గొంతు నాకు వెనక్కి వినపడుతూనే ఉంది. "ఎడమన గేదెలండీ... కుడిపక్క సైకిలు... ఏం లేదు, పోనీండి." నీలం బండి ఆ తెల్లటి ఎండలో నా ముందు తేలిపోతోంది. నా జన్మకి ఇది చాలనుకున్నాను.

రెంటచింతల ఎండ గురించి మన రాష్ట్రంలో వేరే చెప్పక్కర్లేదు. ఊరు ఇంకా రాకముందే బానెట్ కింద నుంచి తెల్లటి ఆవిరి లేచింది. ముల్లు ఎర్రగీత దాటి ఆనుకుపోయి ఉంది. పక్క పొలంలో ఉన్న ఒకామెను అడిగి బిందెడు నీళ్ళు తెచ్చాను. జీపులకి ఎప్పుడూ చేసేదే చేశాను. కాసేపు ఆగి, గుడ్డ వేసి రేడియేటర్ మూత తిప్పి, ఆ చల్లటి నీళ్ళు పోశాను. లోపల నుంచి "టంగ్" మని ఒక చప్పుడు వచ్చింది.

జీపు ఇంజను తల, అంటే సిలిండర్ల మీద బిగించే పై దిమ్మ, ఇనుముది, తట్టుకుంటుంది. దీని తల అల్యూమినియం. అది వంకర తిరిగింది.

ఆ చప్పుడు బాబాయ్ కూడా విన్నాడు. "ఏంది మస్తానూ అది?" అన్నాడు. "ఏం కాలేదు బాబాయ్, చల్లబడుతోంది" అన్నాను. ఈ వృత్తిలో నేను ఆడిన అబద్ధాలన్నిటిలోనూ అదే పెద్దది.

వానాకాలం

ఇంజను తల విజయవాడలో లేతు మీద చదును చేయించడం వారం పని. దాని కింద వేసే గాస్కెట్టు మాత్రం మన దేశంలో దొరకలేదు. బాబాయ్ తనతో పనిచేసిన ఓడ మిత్రుడికి ఉత్తరం రాశాడు. ఆ మిత్రుడి ఓడ జపాన్ పోవాలి, కొనాలి, తిరిగి మన రేవుకి రావాలి. వినాయక చవితి వెళ్ళాక గానీ అది చేతికి రాలేదు.

నేను శుక్రవారాలు మానలేదు. పనేమీ లేకపోయినా పోయి, విప్పిన భాగాలు తుడుచుకుంటూ కూర్చునేవాణ్ణి. బాబాయ్ చూపు ఎట్లా పోతోందో వారం వారం నాకు తెలిసేది. ఆషాఢంలో టీ గ్లాసు కోసం బల్ల మీద తడుముకున్నాడు. శ్రావణంలో నన్ను నా చెప్పుల చప్పుడుతో గుర్తుపట్టాడు. ఒకనాడు మిట్టమధ్యాహ్నం గొడౌను గుమ్మంలో, మొహం మీద ఎండ పడుతుండగా, "ఏమే, తలుపెందుకు వేశావు?" అని పిన్నిని అడిగాడు. పిన్ని నా వంక చూసి, తలుపు దగ్గరికి నడిచి, తీసినట్టు గడియ చప్పుడు చేసి వచ్చింది. నేను బానెట్ కింద తల దూర్చి ఏడ్చాను.

గాస్కెట్టు వచ్చింది, బిగించాను. బండి లేచింది. అయినా పది నిమిషాలకే ముల్లు మళ్ళీ పైకి. నీళ్ళ పంపు విప్పాను, బాగుంది. రేడియేటర్‌లో సున్నం కడిగాను, బాగుంది. ఎటు పోవాలో తోచక కూర్చుంటే బాబాయ్ అన్నాడు:

"పుస్తకం తియ్యవే అనసూయా. అప్పుడేదో పెద్ద అక్షరాలన్నా గదా, అది చదువు."

పిన్ని హైస్కూలు దాకా చదివింది. ఒక్కో మాట కూడబలుక్కుని చదివింది. పేజీలో నీళ్ళు తిరిగే దారి బొమ్మ ఉంది, బాణాలు గీసి. ఆ బాణాలు చదవడానికి నాకు ఇంగ్లీషు అక్కర్లేదు. ఆ మూతకి పైన ఒక బిళ్ళ, కింద ఇంకో బిళ్ళ. వేడెక్కినప్పుడు పై బిళ్ళ రేడియేటర్ దారి తెరుస్తుంది, అదే ఊపులో కింది బిళ్ళ అడ్డదారిని మూస్తుంది. నేను మూతే పీకేశాను. అడ్డదారి బార్లా తెరిచి ఉంది. సలసలా కాగే నీళ్ళు సగం రేడియేటర్ ముఖం చూడకుండానే మళ్ళీ ఇంజనులోకి పోతున్నాయి. చలికాలం కాబట్టి, ఊళ్ళోనే తిరిగింది కాబట్టి బయటపడలేదు.

బొమ్మ మీద వేలు పెట్టి, ఆ బాణాల వెంట ఒకసారి తిప్పాను. తర్వాత చెప్పేశాను. "ఈ మూత తీసింది నేనే బాబాయ్. బండి చెడింది దీనివల్లే. రెంటచింతల దగ్గర కాగిన ఇంజనులో చన్నీళ్ళు పోసి తల వంచిందీ నేనే. ఏం కాలేదని అబద్ధం చెప్పాను. తప్పంతా నాది."

పిన్ని పుస్తకం మూసేసింది. "ఆరు నెలలు మస్తానూ" అంది. "ఆయనకి కళ్ళున్న ఆరు నెలలు నువ్వు తినేశావు. వెయ్యి చేతులెత్తి మొక్కినా తిరిగొస్తయ్యా అయ్యి?" ఆమె అరవలేదు. అరిచినా బాగుండేది.

బాబాయ్ "ఇవాళ్టికి ఇంటికి పో" అన్నాడు.

నూనె డబ్బా

మర్నాడు ఉస్తాద్‌కి సంగతి చెప్పాను. పానా వస్తుందని కాచుకునే నిలబడ్డాను. ఆయన "మరి మన జీపులకి ఏం కాలేదు గదరా" అన్నాడు, అదీ చిన్నగా. తర్వాత తనే లేచి, గుమ్మం పక్క డబ్బాని గోనె పట్టా మీద బోర్లించాడు. అదృష్టం, ఇంకా నిండలేదు, పోతకి పోలేదు. ఇద్దరం గొంతుక్కూర్చుని ఆ ఇత్తడి మూతల గుట్ట ఏరాం. అన్నిటికీ ఒకే బిళ్ళ. రెండు బిళ్ళలున్నది ఒక్కటే దొరికింది.

ఇంట్లో మా ఆవిడ అన్నం గిన్నెలో నీళ్ళు పోసి, మూతని దారంతో వేలాడదీసి, పొయ్యి మీద పెట్టాను. నీళ్ళు కాగుతుంటే అది మెల్లగా కదిలింది. పైది తెరుచుకుంది, కిందిది ముందుకు జరిగింది. ఒకటి తెరిస్తే ఒకటి మూసుకుంటుంది. ఎంత చిన్న తెలివి! మా ఆవిడ కూడా పక్కన కూర్చుని చూసింది. మీ బండిలో థర్మోస్టాట్ మీద అనుమానం వస్తే ఇదే పరీక్ష, ఇంట్లోనే, ఒక గిన్నె చాలు. గిన్నె మాత్రం మీరే తోముకోండి.

ఉస్తాద్ మీద నాకు కోపం లేదు. ఆయన నేర్పింది ఆయన చూసిన బండ్లకి సరిపోయింది. తప్పు నాది, కొత్త బండి ఎదురుగా ఉంటే పాత బండినే చూశాను. ఆ రోజు తర్వాత మా షెడ్డులో ఆ డబ్బా కనపడలేదు. ఎవరమూ దాని మాట ఎత్తలేదు.

ఆ శుక్రవారం గురజాల పోతే గొడౌనుకి తాళం. పిన్ని కిటికీలోంచి "ఆయన పడుకున్నారు" అంది. మరుసటి వారమూ అంతే. మూత జేబులోనే పెట్టుకుని తిరిగొచ్చాను. ఇంక నన్ను పిలవరనుకున్నాను. మూడో వారం నడుమలో గురజాల బస్సు కండక్టరు మా షెడ్డు ముందు బస్సు ఆపించి, మెట్టు మీద నుంచే అరిచాడు: "ఒరేయ్ మస్తానూ! వైర్‌లెస్ ఆయన రమ్మన్నాడు. బండికి పనుందంట!"

కళ్లం

మూత బిగించాను. ఈసారి బావి నీళ్ళు పోయలేదు. సాగర్ కాలువ నీళ్ళు తెచ్చి, పంచె నాలుగు మడతలేసి వడకట్టి పోశాను. గంటసేపు బండి నడిచినా ముల్లు నడుమ నుంచి కదల్లేదు. బాబాయ్ రబ్బరు గొట్టం చెవికి పెట్టుకుని రెండు కార్బరేటర్లూ విని "సరిగ్గా ఉంది" అన్నాడు.

"నేను నడుపుతా బాబాయ్, సాగర్ తీసుకుపోతా" అన్నాను.

"నువ్వు నడిపితే నేను టిక్కీనే గదయ్యా, ఎక్కించావు దించావు" అన్నాడు. "మన మిరప కళ్లం ఖాళీగానే ఉంది గదా?"

మిరపకాయలు ఎండబోసే కళ్లం ఊరి బయట అర మైలు దూరంలో, చెట్టూ పుట్టా లేని చదును నేల. కోతలకి ఇంకా మూడు నెలలుంది, అందులో ఒక్క మనిషి లేడు. బండి ఇంజను ఆపి, బాబాయ్‌ని స్టీరింగు దగ్గర కూర్చోబెట్టి, నేనూ ఇద్దరు కూలీలూ అక్కడిదాకా నెట్టుకుపోయాం. ఏం చేయాలో ఆయన ముందే ఆలోచించి పెట్టుకున్నాడు. పాత లారీ బ్రేకు డ్రమ్ము ఒకటి తెప్పించి కళ్లం నడుమ మూడు కర్రలు కట్టిన ముక్కాలికి వేలాడదీయించాడు. నా చేతికి సుత్తి ఇచ్చాడు.

"నువ్వు కొడతా ఉండు. ఆ చప్పుడు నా కుడి చెవిలో ఒకే మోతాదులో ఉండాల. పెరిగితే లోపలికొచ్చినట్టు, తగ్గితే బయటికి పోయినట్టు. సముద్రం మీద దారి ఇట్టాగే పట్టుకునేవోళ్ళం, చప్పుడుని బట్టి."

పిన్ని పక్క సీట్లో కూర్చుంది. ఆ రోజు దాకా ఆమె నాతో మాట్లాడలేదు. ఎక్కుతూ ఎక్కుతూ "సరిగా కొట్టు" అంది.

కొట్టాను. బండి కదిలింది. మొదటి రెండు చుట్లు తడబడింది, తర్వాత కుదురుకుంది. నా చుట్టూ నీలం బండి, దాని చుట్టూ ఎర్రటి దుమ్ము, అందరం కలిసి తిరుగుతున్నాం. రెండో గేరు, మూడో గేరు. ఊరికే నాలుగు చుట్లు తిప్పి ఆపుతాడనుకున్నాను. ఆపలేదు. నా ముందు నుంచి పోయిన ప్రతిసారీ పిన్ని మాట ఒక్కో ముక్క వినపడేది. ఆమె కిలోమీటర్ల అంకెలు చూసి చెబుతోంది. అప్పుడు నాకు తెలిసింది, ఆయన కళ్లం తిరగడం లేదు. సాగర్ పోతున్నాడు.

"రెంటచింతలండీ" అంది పిన్ని ఒక చుట్టులో.

"ముల్లు?"

"నడుమనే ఉంది."

నా చెయ్యి బొబ్బలెక్కింది. ఎడమ చేతికి మార్చుకున్నాను. కూలీలు ఇద్దరూ తామూ కొడతామన్నారు, ఇవ్వలేదు. మాచర్ల వచ్చింది. మాచర్ల దాటింది. ఆ డ్రమ్ము మోత నా తలలో నిండిపోయి నేనెక్కడున్నానో నాకే తెలియలేదు. ఎర్రటి దుమ్ములోంచి నీలం రంగు రావడం, పోవడం, రావడం. కలలు చాలా వచ్చాయి నాకు, ఇంత కల రాలేదు.

ఎండ వాలాక బండి నెమ్మదించి నా ఎదురుగా ఆగింది. ఇంజను ఆపలేదు. నేను సుత్తి దించి దగ్గరికి పోయాను.

"వచ్చామా?" అన్నాడు బాబాయ్.

"వచ్చాం" అంది పిన్ని.

"ఏం కనపడతంది?"

ఎదురుగా ఖాళీ నేల, దుమ్ము. పిన్ని దానివంక కాసేపు చూసింది. "గేట్లెత్తారండీ" అంది. "చానా నీళ్ళు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా తెల్లగా ఉంది."

ఆయన అట్లా చూస్తూ కూర్చున్నాడు. చూడటం అనే రాస్తున్నాను, నేను చూసింది అదే. తర్వాత కిటికీలోంచి చెయ్యి బయటికి చాపి, తడిమి, నా చొక్కా పట్టుకున్నాడు.

"మస్తానూ, తిరిగి పోయేటప్పుడు నువ్వు నడుపయ్యా. నేను అలిసిపోయా."

పిన్ని దిగి, ఆయన్ని పక్క సీట్లోకి జరిపింది. "నేను నడిచొస్తాలే" అంది. ఇంటిదాకా అర మైలు. నేను మొదటి గేరులోనే, ఆమె నడకకి సరిపోయేట్టు పోనిచ్చాను. నా కళ్ళు ముల్లు మీదే ఉన్నాయి. పిన్ని కిటికీ పక్కన నడుస్తూ, ఎడమన ఏముందో కుడిన ఏముందో నాకు చెబుతూ వచ్చింది.